గుట్ట కింద వెంచర్ వస్తే గుట్ట మీది అడవిని ఎట్లా కాపాడుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. జడ్చర్ల అవతల మీ ఊరు, ఊరి వెనక సుమారు 200 ఎకరాల గుట్ట అడవి. గుట్టకు తూర్పున ఉన్న పట్టా భూముల్లో 60 ఎకరాల ఇళ్ల ప్లాట్ల వెంచర్‌కు రాళ్లు పాతారు. ఉత్తరాన కిలోమీటరు దూరంలో కంకర మిషను వస్తుందని మాట. "అడవిలో ఒక్క చెట్టు కూడా ముట్టుకోమని వెంచర్ వాళ్లు రాసిస్తామంటున్నారు. అది చాలునా, లేక ఇప్పుడే కోర్టుకు పోవాల్నా?" అని అడిగారు.

ఆ రాత చాలదు. అట్లని ఇప్పుడే కోర్టుకు పోవాల్సిన పనీ లేదు. ఈ రెంటి నడుమ చేయాల్సిన పని చాలా ఉంది. అదంతా వెంచర్‌కు తుది అనుమతి రాకముందే కావాలి.

నేను 30 ఏళ్లకు పైగా అటవీ శాఖలో పనిచేశాను. ఎక్కువ కాలం అచ్చంపేట, దేవరకొండ వైపే. గొడ్డలికి పోయిన అడవిని చాలా చూశాను. కానీ అది మళ్లీ వస్తుంది. మన గుట్టల మీది మోదుగ, తునికి, చిరుమాను లాంటివి మోడు నుంచో వేరు నుంచో పిలకలు వేసే జాతులు. నరికిన చోట మూడు వానాకాలాలు మేకల్ని ఆపి, నిప్పు పడకుండా చూస్తే నడుమెత్తు అడవి లేస్తుంది. అంచు నుంచి పోయిన అడవి మాత్రం తిరిగి రాదు. పైగా అది పోతున్నట్టు ఎవరికీ కనిపించదు.

ఒక అడవి బ్లాకు నా కళ్ల ముందే అట్లా పోయింది. దేవరకొండ వైపు, 140 ఎకరాలు. పక్కన ప్లాట్లు పడ్డప్పుడు మా హద్దు రాయి ఒక్కటి కూడా కదల్లేదు. నాకు సంతోషమైంది, "ఆక్రమణ లేదు" అని రిపోర్టు కూడా రాసి పంపాను. ఎనిమిదేళ్లకు మళ్లీ అదే అడవికి పోతే సగం బ్లాకు అడవిలా లేదు. ఎవరూ నరకలేదు. అడవికి వీపు పెట్టి కట్టిన ఇళ్లు అవి. వెనక గోడ మీంచి చెత్త పడింది, చెత్తకు కుక్కలొచ్చాయి. కుక్కలు గుంపు కట్టినంక కుందేలు, నెమలి గుడ్డు, కొండగొర్రె పిల్ల ఏదీ మిగల్లేదు. నక్క, ఎలుగు తిరగడం మానేశాయి. తునికి పండు, రేగు, మొర్రి పండు తిని గింజను నాలుగు దిక్కులా పడేసేది అవే కదా. అవి లేకపోతే పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి, వాటి కింద పిల్ల మొక్క మాత్రం కనిపించదు. పదేళ్లు చూసినా పచ్చగానే కనిపించే ముసలి అడవి అది.

ఇక చెత్తకు నిప్పు పెట్టారు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన దగ్గర బోదగడ్డి ఎండి గుట్ట మొత్తం అగ్గిపెట్టెలా ఉంటుంది. ఒకసారి కాలితే అడవి తట్టుకుంటుంది. ఏటా కాలితే చిన్న మొక్కలన్నీ పోయి, గడ్డి ఇంకా ఎక్కువ లేచి, మరుసటేడు ఇంకా బాగా కాలుతుంది. నాలుగైదేళ్లు ఇదే జరిగింది.

నీటి సంగతి నేను అప్పుడు అసలు ఊహించలేదు. వెంచర్ వాళ్లు మొరం పోసి రోడ్లు మూడడుగులు ఎత్తారు. గుట్ట మీంచి దిగే వాన నీరు ఆ కట్టకు తగిలి ఒక పక్క నిలిచింది, ఇంకో పక్క ఒకే మోరీలోంచి ఉరికి లోతుగా కోసుకుపోయింది. నీళ్లు నిలిచిన చోట గుట్ట అడుగున ఉన్న పాత చెట్లు వేర్లు కుళ్లి ఎండిపోయాయి. కింద ఉన్న కుంటకు చేరాల్సిన నీళ్లు చేరలేదు. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్లు పడే జిల్లాల్లో ఆ ఒక్క కుంట ఎండితే వేసవిలో జంతువు ఊళ్లోకి దిగుతుంది. అప్పుడు "చిరుత వచ్చింది, పట్టుకుపోండి" అని మాకే ఫోన్ చేస్తారు.

దీపాలను కూడా మరిచిపోవద్దు. గేటు దగ్గర, క్లబ్‌హౌస్ మీద తెల్లారేదాకా వెలిగే పెద్ద లైట్లు అడవిలోకి వంద గజాల దాకా పగలు చేస్తాయి. రాత్రి తిరిగే గబ్బిలాలు ఆ పక్కకు రావు. ఇప్ప పువ్వుకు గబ్బిలాలు కూడా పెళ్లిళ్ల పేరయ్యలే. అవి రాకపోతే కాయ తగ్గుతుంది.

అందుకే "చెట్టు కొట్టం" అనే కాగితానికి నేను విలువ ఇవ్వను. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. ఆ మాట నిలబెట్టుకున్నా సరే, అడవి పోతుంది. మీరు అడగాల్సింది అంచు గురించి.

అయితే అంచు ఎక్కడుందో తేలకుండా అంచు గురించి అడగలేరు. మొదటి పని కాగితం. మీరు "అడవి" అంటున్న ఆ గుట్ట రికార్డులో ఏమిటి? మూడు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, 1967 అటవీ చట్టం 15వ సెక్షన్ కింద తుది నోటిఫికేషన్ అయిన రిజర్వు ఫారెస్టు. రెండు, 4వ సెక్షన్ కింద మొదటి నోటిఫికేషన్ ఇచ్చి, హక్కుల విచారణ పూర్తికాక ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయినది. ఇట్లాంటివి మన పాత పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ఉన్నాయి. మూడు, అటవీ శాఖకు సంబంధం లేకుండా రెవెన్యూలో గైరాన్, బంచరాయి (పశువుల మేత భూమి), పరంపోక్ (సాగుకు ఇవ్వని ప్రభుత్వ భూమి) అని రాసి ఉన్న గుట్ట. మూడో రకమే అన్నిటికన్నా ప్రమాదంలో ఉండేది. చెట్లు బాగానే ఉంటాయి, ఊరోళ్లు అడవి అనే అంటారు, కాగితంలో మాత్రం ఖాళీ ప్రభుత్వ భూమి.

అటవీ డివిజన్ ఆఫీసులో బ్లాకు మ్యాపు, గెజిట్ నోటిఫికేషన్ నకలు అడగండి. తహసీల్ ఆఫీసులో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు), గ్రామ నక్షా, ఆ సర్వే నంబర్ల టీపన్ (కొలతల పటం) అడగండి. ఊరికే అడిగితే రేపు రమ్మంటారు. సమాచార హక్కు చట్టం కింద రాసివ్వండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫీజు ఊరి స్థాయి ఆఫీసులో ఏమీ లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది కదా, అందులో ఆ నంబర్లు రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలో ఉన్నాయో లేదో కూడా చూసి, ఆ పేజీని తేదీ కనిపించేలా దాచుకోండి. పాత పహాణీలో 200 ఎకరాలు ఉండి ఇప్పటి రికార్డులో 170 ఉంటే, ఆ 30 ఎకరాలు ఎవరి పేరు మీదికి పోయాయో ముందు తెలుసుకోవాలి. వెంచర్ 60 ఎకరాల్లో అది కలిసి ఉంటే మీ కథ ఇంకో రకంగా నడుస్తుంది.

తేడా ఉంటే అటవీ, రెవెన్యూ శాఖల జాయింట్ సర్వే చేయమని గ్రామ పంచాయతీ తీర్మానం చేసి కలెక్టర్‌కు పంపండి. సర్వే రోజున ఊరి పెద్దమనుషులు ఇద్దరు, మేకలు కాసే ముసలాయన ఒకరు తప్పకుండా ఉండాలి. హద్దు రాళ్లు ఎక్కడ ఉండేవో జీపీఎస్ కన్నా ఆయనకే బాగా తెలుసు. ఇది నవ్వులాటకు అనడం లేదు, రెండుసార్లు నా ఉద్యోగంలో ఆ ముసలి కాపరులే హద్దు నిలబెట్టారు.

మూడో రకం అయితే నీరుగారిపోకండి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మీకు ఆధారం. అడవి అంటే నోటిఫై అయినదే కాదు, నిఘంటువు అర్థంలో అడవిలా ఉన్నదంతా, ప్రభుత్వ రికార్డులో అడవి అని ఉన్నదంతా, యజమాని ఎవరైనా సరే, 1980 అటవీ సంరక్షణ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, పేరు మార్చి, పరిధి కుదించారు. దాని మీద కేసు నడుస్తుండగా 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పాత నిర్వచనాన్నే పాటిస్తూ ఉండండని రాష్ట్రాలకు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వం చెట్లు కొట్టించిన 400 ఎకరాల సంగతి మీకు తెలిసిందే. అది నోటిఫై అయిన అడవి కాదు, అయినా ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అయితే దాంట్లోంచి రెండో పాఠం కూడా నేర్చుకోండి. ఆదేశం వచ్చేసరికి దాదాపు వంద ఎకరాల చెట్లు నేలమీద ఉన్నాయి. స్టే వచ్చినంత మాత్రాన పడిపోయిన చెట్టు లేవదు.

అందుకే అడవిలా ఉందని నిరూపించే సాక్ష్యం ఈ నెల నుంచే పోగెయ్యండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు చూడొచ్చు. మీ గుట్ట ఇరవై ఏళ్లుగా పచ్చగా ఉందో లేదో అందులో కనబడుతుంది. ఊరి జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఒకటి ఉండాలి, 2002 చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఉండాలి. చాలా ఊళ్లలో అది బీరువాలో ఒక రిజిస్టరు. దాన్ని బయటికి తీయండి. ఏ చెట్టు, ఏ పిట్ట, ఏ మందు మొక్క, ఎవరు ఏం ఏరుకుంటారు, ఏ నెలలో, అన్నీ రాయండి. బడి పిల్లలు చేయగలిగిన పని. ఫొటో తీసేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. రేపు ఎవరైనా "అక్కడ సర్కారు తుమ్మ తప్ప ఏముంది?" అంటే మీ చేతిలో రెండు వందల ఎంట్రీలు ఉండాలి. ఆ మాట తప్పక అంటారు, ప్రతిచోటా అన్నారు.

ఇప్పుడు వెంచర్. పట్టా భూమిలో అనుమతులు తీసుకుని కట్టుకుంటే ఆపే హక్కు మీకు లేదు, ఆపగలమని ఊరికి చెప్పి ఆశ పెట్టకండి. పైగా భూమి ధర పెరిగితే బాగుండు అనుకునే సగం ఊరు మీకు దూరమవుతుంది. తీర్మానంలో "వెంచర్ వద్దు" అని రాయకండి. లేఅవుట్ ఎట్లా ఉండాలో రాయండి. అనుమతి ఇచ్చే వాళ్లకు, జిల్లా అటవీ అధికారికి, కలెక్టర్‌కు ఒకే రోజు అందాలి, రసీదు తీసుకోవాలి.

ఏం అడగాలి? అన్నిటికన్నా ముఖ్యమైనది, ఖర్చులేనిది, ఎవరూ అడగనిది ఒకటి చెబుతాను. లేఅవుట్ వేసేవాళ్లు పార్కు కోసం కొంత జాగ ఎట్లాగూ వదలాలి. దాన్ని మధ్యలో నాలుగు ముక్కలుగా కాకుండా, అడవి వైపు పొడుగ్గా ఒకే పట్టీగా వదలమనండి. ఆ పట్టీకి ఇవతల లేఅవుట్ రోడ్డు రావాలి. రోడ్డుకు ఇవతల ఇళ్లు, ముఖం అడవి వైపు. ముఖం అడవి వైపున్న ఇల్లు అక్కడ చెత్త వేయదు, కిటికీలోంచి కనబడుతుంది కాబట్టి. వీపు పెట్టిన ఇల్లు తప్పకుండా వేస్తుంది. మధ్యలో ఉన్న రోడ్డు నిప్పును ఆపుతుంది, ఎవరైనా రాత్రి టిప్పరు తెచ్చి మట్టి తవ్వితే నలుగురి కంట పడుతుంది. వెంచర్ వాళ్లకూ నష్టం లేదు, "అడవి ఎదురుగా ప్లాటు" అని బ్రోచర్‌లో వేసుకుని ఎక్కువ ధరకే అమ్ముకుంటారు. మొత్తం పట్టీ, రోడ్డు కలిపి 30 మీటర్లు ఉండేలా నేనైతే పట్టుబడతాను. ఈ అంకె నా అనుభవంలోంచి వచ్చింది, దానికన్నా తక్కువైతే కుక్కలు, దీపాలు రెండూ ఆగవు.

ఆ పట్టీలో ఏం నాటాలో కూడా రాయించండి. అందమని లంటానా, తొందరగా లేస్తుందని సుబాబుల్, కోనోకార్పస్ తెచ్చి నాటుతారు. లంటానా ఈ దేశానికి వచ్చిందే తోటల్లో అలంకారానికి, ఇప్పుడు నల్లమల లోపల దాకా ఉంది. దాన్ని కోస్తే రెట్టింపవుతుంది, వేరు మెడ కింది నుంచి పెకలించి తలకిందులుగా వేయాలి. వేప, కానుగ, మోదుగ, నారేప, చండ్ర, కింద తంగేడు, బలుసు, సీతాఫలం వేసుకోమనండి. బాలానగర్ సీతాఫలానికి పేరుపడ్డ జిల్లాలో కోనోకార్పస్ ఎందుకండీ?

నీటికి: గుట్ట మీంచి వచ్చే ప్రతి వంక, ప్రతి ఒర్రె నక్షాలో గీసి, దాని దారిలోనే మోరీ ఉండాలి. రోడ్డు ఎత్తడానికి ముందే. వెంచర్ లోపలి మురుగు, వాన నీరు అడవిలోకి గానీ కుంటలోకి గానీ నేరుగా వదలొద్దు. దీపాలు కిందికి వంచి, మూతతో ఉండాలి. అడవిలోకి గేటు ఉండకూడదు, "వాకింగ్ ట్రాక్" పేరుతో అయినా సరే.

గేటు ఎందుకు వద్దంటున్నానో ఒక మాట. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, మూడెకరాల మీద పరుచుకుని ఉంది. దాన్ని ఎవరూ నరకలేదు, అందరూ ప్రేమించారు. ఊడలు పట్టి ఊగారు, వేర్ల మీద తొక్కి నేలను సిమెంటులా గట్టిపరిచారు. లోపల చెదలు తినేసింది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, సందర్శకులను ఆపేశారు, 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించాల్సి వచ్చింది. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. మీ గుట్టకు వెంచర్ నుంచి రోజూ రెండు వందల మంది పొద్దున నడకకు వస్తే పదేళ్లలో అదే గతి. వెనక్కి తిప్పే దారి ఉంటే చాలు, పట్టీలోనే నడవనివ్వండి.

కట్టేటప్పటి రెండేళ్లు మరీ జాగ్రత్త. లేబర్ క్యాంపు అడవి పక్కన వేయనివ్వకండి, వేసినా గ్యాస్ ఇవ్వాలని రాయించండి. వంద మంది రోజూ పొయ్యి మీద వండుకుంటే ఎండు కట్టె అయిపోయినంక పచ్చిది కొడతారు, వాళ్ల తప్పు కాదది. అడవి అంచున ఉన్న పెద్ద చెట్టు వేర్లు కొమ్మల నీడ దాటి బయటికి పోతాయి. ప్రహరీ పునాది ఆ వేర్లను కోస్తే చెట్టు ఆ ఏడు బాగానే ఉంటుంది, మూడో వేసవిలో ఎండుతుంది. అప్పుడు పునాది ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు దారి. మీరు రాసిన దాంట్లో "వెంచర్‌కు గుట్ట పక్క నుంచి పాత బండ్లబాట ఉంది" అనే ఒక్క వాక్యం చదివి నేను ఆగిపోయాను. ఆ బాట అడవి భూమిలో ఉంటే దాన్ని వెడల్పు చేసి మొరం పోయడం అంటే అడవిని వేరే పనికి వాడుకోవడమే. దానికి కేంద్రం ముందస్తు అనుమతి కావాలి, సర్పంచో రేంజరో ఇచ్చే మాట చెల్లదు. మొదట ఒక రాత్రి రెండు ట్రాక్టర్ల మొరం పడుతుంది, "ఊరోళ్లకు కూడా ఉపయోగమే" అంటారు. రెండో ఏడు కంకర, మూడో ఏడు తారు. అప్పటికి అది "ఎప్పటి నుంచో ఉన్న రోడ్డు" అవుతుంది. మొదటి ట్రాక్టరు రోజునే ఫొటో తీసి డివిజన్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్లు నిజంగా అనుమతికి దరఖాస్తు చేస్తే అది కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తుంది, అప్పుడప్పుడు మీ జిల్లా పేరుతో వెతుకుతూ ఉండండి.

కంకర మిషను గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది మీ ఊరి పరిధిలో లేదు, మాట తప్ప కాగితం ఇంకా లేదు. క్రషర్ వేరు, రాయి తీసే క్వారీ వేరు, రెంటికీ అనుమతులు వేరు. క్రషర్‌కు కాలుష్య నియంత్రణ మండలి నుంచి నెలకొల్పడానికి ఒకటి, నడపడానికి ఒకటి కావాలి. దుమ్ము బయటికి రాకుండా మూసిన షెడ్డు, నీళ్లు చల్లే ఏర్పాటు, గాలిని ఆపే గోడ, లోపలి రోడ్లు గట్టివి ఉండాలి. యంత్రానికి 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదు. అడవి లెక్కలో చూస్తే ఆకు మీద పడ్డ దుమ్ము వాన వచ్చేదాకా కడగదు, మన దగ్గర ఎనిమిది నెలలు వాన ఉండదు. క్వారీకి పర్యావరణ అనుమతి ఉండాలి. 5 హెక్టార్ల లోపు లీజుకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా అయిపోతుంది. అందుకే లీజులు తరచూ ఆ అంకెకు కొంచెం కిందే ఆగుతాయి. కానీ 500 మీటర్ల లోపు ఇంకో లీజు ఉంటే రెంటినీ కలిపి క్లస్టర్‌గా చూడాలి, కలిపితే 5 హెక్టార్లు దాటితే సభ పెట్టాలి. పక్కపక్కన ఎన్ని లీజులున్నాయో గనుల శాఖ నుంచి లెక్క తీయడమే మీ పని.

సభ జరిగితే ఎట్లా మాట్లాడాలి? 2003 ఆగస్టులో పెద్దగట్టు, లంబాపూర్ యురేనియం గనుల మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ నల్గొండ వాళ్లందరికీ గుర్తే. జనం గట్టిగా వద్దన్నారు, ఇన్నేళ్లయినా అక్కడ గని మొదలుకాలేదు. నల్లమలలో యురేనియం అన్వేషణ మీద కూడా అంతే, 2019 సెప్టెంబరులో శాసనసభే వద్దని తీర్మానం చేసే దాకా వచ్చింది. అరుపులతో అది రాలేదు. మా ఊరి బావులు ఇన్ని, మేకలు ఇన్ని, ఈ వాగు నీళ్లు ఫలానా చోటికి పోతాయి అని చెప్పేవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చింది. సభ మొత్తం వీడియో తీస్తారు, మినిట్స్ రాస్తారు. మీరు చెప్పింది అందులో పడిందో లేదో ఆ రోజే సరిచూసుకోండి.

దానికి ఎదురు ఉదాహరణ కూడా నల్గొండ జిల్లాలోనే ఉంది. దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఎక్కువ భాగం అడవి భూమిలోనే కట్టారు, కేంద్రం ఇచ్చిన అటవీ అనుమతితోనే. బదులుగా వేరేచోట భూమి ఇచ్చి మొక్కలు పెంచుతారు. చట్టం ప్రకారం లెక్క సరిపోతుంది. నేను మొక్కలు నాటించిన మనిషిని కాబట్టే చెబుతున్నా, వరసల్లో నాటిన మొక్కలు అడవి కావడానికి ఒక మనిషి జీవితం చాలదు. "మీ గుట్టకు బదులు రెండింతలు నాటిస్తాం" అని ఎవరైనా అంటే సంతోషపడకండి.

ఊళ్లో రాజకీయం గురించి మీరు అడగలేదు గానీ, అసలు గండం అక్కడే. అడవిని కాపాడదామని మొదలుపెట్టిన కుర్రాళ్లు మొదటి తప్పు మేకలవాళ్ల మీద పడటం. ఏడాదంతా అడవిలో ఉండే కళ్లు వాళ్లవే. వాళ్లను తరిమితే రాత్రి టిప్పరు వచ్చిన సంగతి మీకు చెప్పేదెవరు? గుట్టను మూడు ముక్కలు చేసి, ఏటా ఒక ముక్కను వానాకాలం మూసి పెట్టండి, మిగతా రెండింట్లో మేపుకోమనండి, ఏ ముక్క మూయాలో వాళ్లనే చెప్పమనండి. రిజర్వు ఫారెస్టు అయితే ఇది అటవీ శాఖ బీట్ ఆఫీసరును కూర్చోబెట్టుకుని చేయాలి. 1992 తర్వాత పెట్టిన వన సంరక్షణ సమితి మీ ఊళ్లో ఉండే ఉంటుంది, దాని పాత రిజిస్టరు ఎవరింట్లో ఉందో వెతకండి. తండా వాళ్లు, చెంచులు ఎవరైనా ఆ అడవి మీద బతుకుతుంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు అడగండి. ఆ చట్టం గ్రామసభకు అడవిని కాపాడే అధికారం కూడా ఇస్తుంది. అట్లా హక్కు వచ్చిన అడవిని వేరే పనికి ఇవ్వాలనుకుంటే గ్రామసభ మాటకు బలం ఉంటుంది.

సీతాఫలం మీద వచ్చే డబ్బు ఎంతో ఒక్క ఏడాది లెక్క రాసి ఊరి ముందు పెట్టండి. ధర పెరగాలనే వాళ్లతో వాదించడానికి అంతకన్నా మంచి కాగితం నా దగ్గర లేదు. పెద్దమనుషులు ఎవరి మాట వింటారో మీకు తెలుసు, ఆయనతో అనిపించండి. మీరు ముందు నిలబడకండి.

నిప్పు పని జనవరి ఆఖరు లోపు కావాలి. వెంచర్ వైపు అంచు వెంబడి గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మూడు నాలుగు మీటర్ల వెడల్పున ఫైర్ లైను గీయండి. ఉపాధి హామీలో పెట్టించొచ్చేమో బీట్ ఆఫీసరును, పంచాయతీ కార్యదర్శిని కలిపి అడగండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహంతో చూసి నిప్పు పడ్డ చోటును ఫోన్‌కు పంపుతుంది, ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. మీ ఐదుగురు నంబర్లు ఎక్కించండి. అచ్చంపేటలో ఉన్నప్పుడు ఆ మెసేజ్ రాకముందే గుట్ట మీద పొగ చూసి పరిగెత్తేవాళ్లం, ఇప్పుడు మెసేజ్ వచ్చినా పరిగెత్తేవాళ్లు తక్కువ. అది వేరే సంగతి.

కోర్టు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ప్రాంత బెంచి చెన్నైలో ఉంది, తెలంగాణ దాని కిందే. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు. సామాన్యుడు కూడా పోవచ్చు. కానీ గడువు చూసుకోండి. వివాదం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలలు, ఒక అనుమతి మీద అప్పీలు అయితే అది మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు, సరైన కారణం ఉంటే రెండింటికీ ఇంకో 60 రోజులు. అందుకే అన్నిటికీ తేదీ, రసీదు ఉండాలని పదేపదే చెబుతున్నాను. ఇంకో సంగతి, చాలామంది లాయర్లు కూడా మరచిపోతారు. అటవీ సంరక్షణ, నీరు, గాలి, పర్యావరణం, జీవవైవిధ్యం లాంటి కొన్ని చట్టాల కింది గొడవలే ఆ ట్రిబ్యునల్ వింటుంది. 1972 వన్యప్రాణి చట్టం దాని జాబితాలో లేదు. కొండగొర్రెను కుక్కలు చంపాయి, నెమలి గుడ్లు పోయాయి అని మాత్రమే రాసుకుని పోతే వెనక్కి పంపిస్తారు, అది హైకోర్టులో చెప్పుకోవాలి. బండ్లబాట మీద మొరం పడితే మాత్రం నేరుగా చెన్నైకి పోవచ్చు, ఆ ఫొటోకు అంత విలువ ఉంది.

ముందు పహాణీ నకలు తెచ్చుకోండి. గుట్ట సర్వే నంబరు ఎదురుగా ఏ మాట రాసి ఉందో, బండ్లబాట నక్షాలో చుక్కల గీతగా ఉందా లేదా, ఆ గీత ఎవరి నంబర్లోంచి పోతోంది, ఈ మూడూ రాసి పంపండి. మిగతాది దాన్నిబట్టి చెబుతాను.